గుమ్మడికాయ పాట

మయూర్ విహార్,
నవంబరు 2006

చెల్లెమ్మా రెబ్కా,

కోత పండుగ వేలం డబ్బుతో నిన్ను నర్సు చదివిస్తానని మన ఊళ్లో మాటిచ్చి, ఆ డబ్బుతో చర్చికి గంట కొన్న పెద్దమనిషి లెవి గారు ఇప్పుడు ఇక్కడి సంఘానికీ పెద్దే.

ఈసారి వేలం సొమ్ము నర్సు చదువుకొచ్చిన మన ఆడపిల్లల హాస్టల్‌కి. అద్దె కట్టకపోతే ఈ నెలతో మూతే. ఎవరో కానుకగా తెచ్చిన గుమ్మడికాయకు ఆయన పాట మొదలుపెట్టగానే నేను పెంచాను. పంతానికి ఆయనా పెంచాడు. "అంకుల్, తగ్గకండి!" అని పిల్లలు ఒకటే ఈలలు. గెలిస్తే కట్టలేనని నాకూ దేవుడికీ తెలుసు. చివరికి ఏడాది అద్దెంత ధరకు ఆయనే పాడుకుని, కాయను విసురుగా హాస్టల్‌కే వదిలేశాడు. పిల్లలు పులుసు పెట్టి నాకూ వడ్డించారు. ఇన్ని పుస్తకాలు చదివాను గానీ ఇంత కమ్మని ముగింపు ఎక్కడా చూడలేదు.

నువ్వు ఎప్పుడో క్షమించానంటావు. నీ చదువు పోగొట్టింది మాత్రం, పులుసు తిన్నాక కూడా అంటాను, ఆ లెవి గారే.

మీ అన్నయ్య