ఆగున్నాడండి

జూలై 7, సోమవారం

మైకులు వచ్చాయి. రెండు కంపెనీలవి రెండు. సాక్షి బోను అంచుకి ఒకటి అటు, ఒకటి ఇటు బిగించి పోయారు. సాక్షి మాట్లాడుతుంటే తెలుగులో దానంతటదే టైపు అయిపోతుందట.

కొన్నాళ్ళు రెండూ వాడి చూసి, ఏది తీసుకోవాలో రాసివ్వమన్నారు జడ్జి మేడమ్. "రేపు దాంతో కూర్చోవాల్సింది మీరే కదా సుగుణగారూ. మీరే చెప్పండి."

ఇన్నేళ్ళూ సాక్షి చెప్పడం, మేడమ్ దాన్ని ఓ వాక్యంగా కూర్చి నాకు చెప్పడం, నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైపు చేయడం. ఇప్పుడు మధ్యలో మేమిద్దరం లేకుండా... చూడాలి.

కంపెనీ అమ్మాయి వెళ్తూ వెళ్తూ, "మీకు పని తగ్గుతుంది మేడమ్" అంది. మంచి మనసుతోనే అంది. నాకే గుండె కలుక్కుమంది.

జూలై 8, మంగళవారం

మొదటిది చకచకా రాస్తుంది. చుక్కలు, కామాలు సహా. సాక్షి "ఎల్తన్నానండి" అంటే "వెళ్తున్నాను" అని దిద్ది మరీ పెడుతుంది. మేడమ్‌కి తెగ నచ్చింది.

రెండోది నత్తనడక. వినపడని చోట గీత గీసి వదిలేస్తుంది. కాగితం నిండా గీతలే. "ఐదో క్లాసు పరీక్ష పేపర్లా ఉందండి, ఖాళీలు పూరించుము" అని బెంచి క్లర్కు సూర్యారావుగారు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

జూలై 10, గురువారం

మొదటిదే నయం అనిపిస్తోంది. నాకు నా కారణం ఉంది. ఎడమ చెవికి వినికిడి మిషను పెట్టుకున్నప్పటి నుంచి, ఫ్యాను కింద గొణిగే సాక్షి వస్తే మెడ చాచి, పెదాలు చూసి, ముందు మాటా వెనక మాటా కలుపుకుని రాయాలి. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. ఇవాళ మిల్లు వాచ్‌మన్ సాక్ష్యంలో నాకు అందని ఒక పేరుని అది టక్కున పట్టుకుంది. తర్వాత అడిగితే అదే పేరు.

ఒప్పుకోవాల్సిందే.

జూలై 13, ఆదివారం

గోదారికి ఎర్రనీరు వచ్చింది. చర్చిలో ఆరాధన అయ్యాక మా ఆయనా నేనూ రేవు మీదుగా నడిచి వచ్చాం. మైకుల సంగతి చెప్పాను. లెక్కల మాస్టారు కదా... "రెంటిలో తప్పులు తక్కువ దేంట్లో? అదే రాసెయ్. అందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నారు.

నిజమే. ఏముంది?

జూలై 15, మంగళవారం

ఈ వారం మొదటిదాని ప్రతే రికార్డు. రెండోది పక్కన ఊరికే నడుస్తుంది. పోల్చి చూడటానికి నేను కూడా షార్ట్‌హ్యాండ్ రాస్తున్నాను.

ఇవాళ యాక్సిడెంటు పరిహారం కేసు. వరలక్ష్మి అని, భీమవరం రొయ్యల షెడ్డులో పనిచేసేది. మొగుడు ట్రాలీ ఆటోలో ఐసు తోలేవాడు. లారీ గుద్ది పోయాడు. ఆ రోజు ఈమె కూడా బండిలోనే వచ్చింది. ఇప్పుడు ఇక్కడే అక్క దగ్గర ఉంటోంది.

ఇన్సూరెన్సు లాయరుగారు ఎదురు ప్రశ్నలు వేశారు. బండి రోడ్డు మీద నడుస్తోంది కదా, తప్పు అతనిదే కదా అని. ఆమె తల వంచుకునే చెబుతోంది. లేదని, తాను టీ కోసం దిగానని, ఆయన బండి పక్కకి తీశాడని. అటు వంతెన మీద గూడ్సు వెళ్తోంది. హాలంతా అదే మోత.

సూర్యారావుగారు వాంగ్మూలం గడగడా చదివి వినిపించారు. ప్రతి వాక్యానికీ "ఆయ్... ఆయ్" అంది. సంతకం పెట్టమంటే పెట్టింది.

జూలై 16, బుధవారం

తీరిగ్గా మూడు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాను.

నా నోట్సు: బండి పక్కకి తీసి ఆగి ఉన్నాడండి.

రెండోది: బండి పక్కకి ______ ఉన్నాడండి.

మొదటిది: బండి పక్కకు తీశాడు. తాగి ఉన్నాడు.

కుర్చీలో వెనక్కి వాలి కూర్చుండిపోయాను. ఆమె సంతకం ఆ మాట కిందే. లాయరుగార్లిద్దరికీ నకళ్ళు పొద్దునే వెళ్ళిపోయాయి.

జూలై 17, గురువారం

ఛాంబరులో మేడమ్‌కి చూపించాను. చాలాసేపు చూశారు.

"మీరు విన్నది ఆగి అనేనా?"

"నోట్సులో అలాగే ఉందండి."

"నోట్సు సంగతి కాదు. మీరు విన్నారా?"

వెంటనే అవుననలేకపోయాను. మోత మధ్యలో విన్నది... ముందు "పక్కకి తీసి" అంది కాబట్టి ఆగి అని నేనే అల్లుకున్నానా? అల్లుకోవడం నాకు అలవాటే కదా. "విన్నాననే అనుకుంటున్నానండి" అన్నాను.

రికార్డింగు పెట్టించారు. గూడ్సు మోత, ఆ మోతలోంచి "తీసాగున్నాడండీ". రెండు మాటలూ కలిసిపోయి ఒకటే మాట. మళ్ళీ పెట్టించారు. ఒకసారి ఆగి అని, ఒకసారి తాగి అని. "నాకు రెండూ వినిపిస్తున్నాయి సుగుణగారూ" అన్నారు మేడమ్.

నాకూ అంతే. కానీ ఆ మాట పైకి అనలేదు.

జూలై 18, శుక్రవారం

మేడమ్ ఇద్దరు లాయర్లనీ పిలిచి కోర్టులోనే విషయం చెప్పారు. సాక్షిని మళ్ళీ పిలిపించి ఆ ఒక్క మాట అడుగుదామన్నారు.

ఇన్సూరెన్సు లాయరుగారు లేచి, "చదివి వినిపించాం, సంతకం పెట్టిందండి. స్టెనోగారి చెవి సంగతి అందరికీ తెలిసిందే. మిషనుకి చెముడు ఉండదు కదండీ" అన్నారు. వెంటనే నా వైపు తిరిగి, "తప్పుగా అనుకోకండమ్మా" అని కూడా అన్నారు.

తల దించుకుని అదంతా రాశాను. చెయ్యి ఆగలేదు. రాస్తున్నది నా గురించే అని కాగితం నిండాక గానీ తోచలేదు.

జూలై 20, ఆదివారం

క్వయర్‌కి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదన్నాను.

మా ఆయన కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నారు. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా."

"ఆ వరలక్ష్మికి తెలిసేది. తీర్పు రోజున."

ఆయన గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళారు. కాసేపయ్యాక, లోపలి గదిలోంచి "ఆగి... తాగి... ఆగి..." అని తనలో తాను అనుకుని చూసుకుంటున్నారు. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

జూలై 22, మంగళవారం

రెండోదాని గీతలన్నీ మళ్ళీ చూశాను. గీత ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరు ఆగి అడగాలి... "ఏమన్నారమ్మా, మళ్ళీ చెప్పండి" అని. మొదటిదాంట్లో ఎక్కడా అడగాల్సిన అవసరం రాదు. అంత చక్కగా ఉంటుంది.

మేడమ్‌తో అన్నాను. "నాకు అర్థమైంది. కానీ ఖాళీలున్న కాగితాన్ని పైవాళ్ళు ఒప్పుకోవాలిగా?" అన్నారు. ఆవిడ బాధా నిజమే. పేరుకుపోయిన కేసులు ఆవిడ నెత్తి మీదే ఉన్నాయి.

జూలై 24, గురువారం

వరలక్ష్మి వచ్చింది. మొన్నటి చీరే. మైకుకి దగ్గరగా నిలబెట్టారు. ఫ్యాను ఆపించారు. ఎవరూ దగ్గు కూడా దగ్గలేదు.

మేడమ్ నెమ్మదిగా అడిగారు. "మీ ఆయన బండి పక్కకి తీసి ఏం చేశాడన్నావమ్మా ఆ రోజు?"

"ఆగున్నాడండి. బండి ఆపేసి, నాకోసం ఆగున్నాడండి."

ఎంత స్పష్టంగా అందో. రెండు మైకులూ ఒకేలా రాశాయి. నా గుండెల మీంచి బరువు దిగింది. ఒక్క క్షణం.

ఇన్సూరెన్సు లాయరుగారు లేచారు. తాగిన మాట ఎటూ వచ్చింది కనుక తననీ అడగనివ్వాలన్నారు. మేడమ్ ఒప్పుకోక తప్పలేదు.

"మీ ఆయనకి తాగే అలవాటు ఉందా?"

"ఉందండి."

"ఆ రోజు తాగాడా?"

ఆమె తన లాయరు వైపు చూసింది. ఆయన కాగితాల్లోకి చూస్తున్నారు. మేడమ్ వైపు చూసింది. ఆ తర్వాత ఎందుకో నా వైపు చూసింది.

"పొద్దున్న కాస్త తాగాడండి. ఐసు పెట్టెలెత్తి ఒళ్ళు నొప్పులని. అయినా బండి ఆపేసే ఉన్నాడండి. ఆగున్నోడినే గుద్దాడండి లారీవోడు."

మొదటి రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఆ తప్పు ఎత్తి చూపకపోతే ఆమెని మళ్ళీ పిలిచేవారే కాదు. పిలవకపోతే అడిగేవారే కాదు. కానీ పిలవకపోతే, "తాగి ఉన్నాడు" అన్న కాగితం అలాగే ఉండేది. ఎటు తిప్పి చూసినా...

మొదటిది ఆ జవాబుని మూడు చక్కని వాక్యాలుగా పెట్టింది. ప్రశ్న పక్కనే జవాబు. మధ్యలో ఆమె ముగ్గురి వైపు చూసిన సంగతి లేదు. రెండోదాంట్లోనూ లేదు. నా నోట్సులోనూ లేదు, ఉండకూడదు కూడా. చూసింది నేనే.

సూర్యారావుగారు ఈసారి ఒక్కో వాక్యం ఆగి ఆగి చదివారు. "ఇది నువ్వు చెప్పిందేనా అమ్మా?" అని ప్రతిసారీ అడిగారు. ఎవరూ చెప్పకుండానే.

బయట వరండాలో ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"మళ్ళీ ఎందుకు పిలిచారండి? మొన్నే అయిపోయిందన్నారు కదండి."

"కాగితంలో ఒక మాట తప్పు పడిందమ్మా. సరిచేయడానికి."

"ఎవరు చూశారండి?"

"నేనే."

కాసేపు నా మొహం వైపే చూసింది. "మంచిదండి" అంది. ఆగి, "నేను నిజమే చెప్పానండి. చెప్పకుండా ఉండాల్సిందంటారాండి?"

సాక్షులతో కేసు మాటలు మాట్లాడకూడదు. "బస్సు దొరుకుతుందా నీకు?" అని అడిగాను.

జూలై 25, శుక్రవారం

రాసిచ్చాను. రెండోది. గీత పడిన ప్రతిచోటా సాక్షిని అక్కడికక్కడే మళ్ళీ అడగాలని, ఏది తీసుకున్నా చదివి వినిపించడం నిదానంగా జరగాలని కింద చేర్చాను. వాచ్‌మన్ చెప్పిన పేరు మొదటిది పట్టుకుంది, నేను పట్టుకోలేదు... అదీ రాశాను. రాయకపోతే బాగుండదు.

మేడమ్ చదివి సంతకం చేశారు. "పంపిస్తాను. వాళ్ళు ఏది పంపిస్తే అదే వస్తుంది, మీకు తెలుసుగా" అన్నారు.

తెలుసు.

జూలై 28, సోమవారం

పైనుంచి కబురేమీ లేదు. మైకులు రెండూ అలాగే ఉన్నాయి. ఇవాళ కూడా మొదటిదాని ప్రతే రికార్డు.

వరలక్ష్మి కేసులో ఇద్దరు లాయర్ల వాదనలూ అయిపోయాయి. బుధవారం తీర్పు డిక్టేషన్. "దీనికి మిషను వద్దు, మీరే రండి" అన్నారు మేడమ్. ఆవిడ మొహంలో ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు.

తీర్పు వాక్యం మేడమ్ నోటి నుంచి వచ్చేసరికి గదిలో మేమిద్దరమే ఉంటాం. వరలక్ష్మి కన్నా ముందు వినేది నేనే. విన్న మాట విన్నట్టు రాయాలి, తలుపు తీసుకుని బయటికి రావాలి, వరండాలో ఆమె ఉంటే ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాలి, ఏమీ ఎరగనట్టు.