చెవిలో ఒలీవ నూనె

జనవరి 9
కెనడాలో ఈ రెజైనా ఊరి చలి గోడల్లోంచి కూడా వస్తోంది. ఇన్ని వేలమంది స్టూడెంట్లు దిగాక ఈ బేస్‌మెంట్ దొరకడమే గగనమైంది — నేనూ, నా రూమ్మేట్ సుష్మా ఉంటున్నాం. దానికి కుడి చెవిపోటు. అపాయింట్‌మెంట్ లేకుండా చూసే వాక్-ఇన్ క్లినిక్ ఇవాళ్టికి నిండిపోయిందట. అమ్మ సూట్‌కేసులో పెట్టిన సీసా తీశాను. పాస్టరు గారు ప్రార్థన చేసిన ఒలీవ నూనె. వెల్లుల్లి, వాము వేసి సన్నసెగ మీద కాచి, వడకట్టి, గోరువెచ్చగా మూడు చుక్కలు. "అబ్బ, హాయిగా ఉందే" అంది. గర్వంగా ఉంది, దాచడం ఎందుకు.

జనవరి 10
నొప్పి లేదట. దిండు మీద పసుపు మరక... నూనె కారిందనుకున్నాం. సాయంత్రం మళ్లీ వేశాను.

జనవరి 11
నొప్పి మళ్లీ. జ్వరం. తను పనిచేసే డ్రైవ్-త్రూలో, కార్లలోంచి చెప్పే ఆర్డర్లు వినే హెడ్‌సెట్ ఎడమ చెవికి మార్చుకున్నా ఆర్డర్లు తప్పాయట, మేనేజర్ విసుక్కున్నాడట. "ఇంకో రెండు చుక్కలు వెయ్యవే. క్లినిక్‌లో కూర్చుంటే షిఫ్ట్ పోద్ది." వేశాను. తర్వాత దిండు గలీబు తీస్తే కొత్త మరక. వాసన చూశాను. వెల్లుల్లి కాదు, నీచు. "మళ్లీ నూనేనా?" అంది. నూనేనన్నాను.

జనవరి 12
అమ్మకు ఫోన్ చేశాను. నూనె మాట ఎత్తగానే — "ముందు దిండు చూశావా? చెవి కారితే చుక్క కూడా వెయ్యకూడదే! నీకు వేసినప్పుడల్లా ముందు దిండు తడిమేదాన్ని కాదూ?"
నిజమే, తడిమేది. దిండు సర్దుతోందనుకునేదాన్ని. నాకు నూనె ఒక్కటే గుర్తుంది.
సుష్మను క్లినిక్‌కి లాక్కెళ్లాను. చెవిలో ఏమైనా వేశారా అని డాక్టర్. లేదంది సుష్మ, నన్ను కాపాడుతూ. నేనే చెప్పేశాను — నూనె, మరక, నిన్నటి వాసన. కర్ణభేరికి చిల్లు, ఇన్ఫెక్షన్. మామూలుగా పూడుతుందట. వినికిడి సంగతి కొన్ని వారాలు ఆగితే గానీ చెప్పలేనన్నాడు.
బస్సులో — "నిన్ననే తెలిసిందా నీకు? మరి నూనే అన్నావేంటే?" సిగ్గుతో చచ్చిపోయాను.

జనవరి 15
మాటల్లేవు. మందులు తనే వేసుకుంటోంది. సీసా కిటికీ దగ్గర చలికి గడ్డకట్టింది. ప్రార్థన చేసిన నూనె, పారబోయడానికి చేతులు రావు.
సుష్మ, బాగున్న ఎడమ చెవి దిండుకు ఆనించి, గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలోంచి పిలిచాను. "అన్నం తిందువు గానీ, లే."
కదల్లేదు. వినబడలేదో, నాతో మాట్లాడకూడదనుకుందో.
మళ్లీ పిలవాలంటే భయంగా ఉంది.