గోధుమ పడని కడుపు

12 ఆగస్టు 2025, జనగామ

వారం వారం జొన్నరొట్టెలు పట్టుకొస్త, ఏడ్వకు అన్నాడు మా అన్న ముత్తయ్య. 1966లో, మానుకోట హాస్టల్ గేటు దగ్గర. అప్పుడు నాకు పదకొండేళ్లు, అతనికి ఇరవై మూడు. నాన్న పోయిన ఏడాది అది. ఒక్క వారం కూడా రాలేదు.

ఇవాళ ఆ గేటు ఎందుకు గుర్తొచ్చిందంటే, బయాప్సీ రిపోర్టు వచ్చింది. సీలియాక్ డిసీజ్. గోధుమలో ఉండే గ్లూటెన్ నా పేగులకు పడదు. ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు, చిన్నప్పటి నుంచీ ఉండి ఉంటుంది అన్నాడు డాక్టరు. ఇది ఉత్తరాది వాళ్ల జబ్బు సార్, మన దగ్గర ఎవరూ టెస్టు కూడా రాయరు అని నవ్వాడు. పాత నాణెం దొరికిన పిల్లవాడిలా నవ్వాడు. చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేపే బలం లేదు.

13 ఆగస్టు

హాస్టల్లో పొద్దున్నే అమెరికా గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్లు. కరువు రోజులు. మిగతా పిల్లలు పళ్లాలు నాకేవాళ్లు. నాకు తిన్న కాసేపటికే కడుపు ఉబ్బేది. చెంబు పట్టుకుని పరుగు. వార్డెన్ నన్ను అందరి ముందూ నిలబెట్టి, దొరవారికి సర్కారు తిండి సయిస్తలేదట, పల్లకి తెప్పియ్యాల్నా అన్నాడు. అందరూ నవ్వారు.

తినడం మానేశాను. నొప్పి పోయింది. దాని జాగాలో ఒక గర్వం వచ్చింది. మీకందరికీ ఆకలి ఉంది, నాకు లేదు. ఆ గర్వానికి ఉన్న రుచి ఏ కూరకూ లేదు. ఒకసారి మరిగితే వదలదు.

విస్తరిలో అన్నాన్ని అంచులకు నెట్టి తిన్నట్టు చూపించడం, ముద్దలు రుమాల్లో మూటగట్టి కుక్కకు వేయడం, పెళ్లికి వెళ్లి బంతి కూర్చునే సమయానికి ఫోన్ మాట్లాడుతూ తిరగడం. ఇవన్నీ నా విద్యలు. కాలేజీలో హిస్టరీ చెప్పాను కాని, నిజానికి నేను ఆరితేరింది వీటిలోనే. పిల్లలు నా ఎముకలు చూసి బొక్కల సారు అని పేరు పెట్టారు. ఇంట్లో వాళ్లు పొగరు అన్నారు. మొన్న మే నెలలో పెన్షనర్ల మీటింగులో స్పృహ తప్పి పడితే గాని దీనికి ఒక పేరుందని తెలియలేదు. ఈటింగ్ డిజార్డర్. ఎప్పుడో మ్యాగజైన్లో చదివాను. ఆడపిల్లలకు వచ్చే రోగం అనుకుని పేజీ తిప్పేశాను.

16 ఆగస్టు

డైటీషియన్ పేరు షారోన్. నా మనవరాలి వయసు ఉంటుంది. నలభై కిలోల కిందికి పోతే మళ్లీ అడ్మిట్ చేస్తారట, ఈసారి ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారట. ఇప్పుడు నలభై ఒకటి ఉన్నాను.

ఈటింగ్ డిజార్డర్‌కు మందు తినడం. సీలియాక్‌కు మందు తినకపోవడం. రెండో జబ్బు మీద నాకు అప్పుడే ప్రేమ పుట్టింది. షారోన్ అది నా ముఖంలో చూసినట్టుంది. సార్, నేను గోధుమలొక్కటే వద్దన్న, లోకమంత వద్దనలే అంది.

22 ఆగస్టు

ఎంత గొప్ప మంత్రం దొరికింది! ఇందులో గోధుమ ఉందేమో అంటే చాలు, ఎదుటివాడు గరిటె దించుతాడు. పక్కింటి గృహప్రవేశంలో సాంబారు వద్దన్నాను. ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, అది నిజం. పప్పు వద్దన్నాను. పెరుగు కూడా వద్దన్నాను. పెరుగుల గోధుమ ఏడికెళ్లొస్తది అని రుక్మిణి అందరిలో అడిగింది. నలభై ఐదేళ్ల కాపురం చేసిన మనిషి. నాకు కావలసినప్పుడు ఒక్కసారీ నోరు మూసుకోదు.

ఇంటికొచ్చి ఇంగువ డబ్బా తీసి చెత్తబుట్టలో విసిరికొట్టింది. ఇగ చెప్పు, ఇంకేం పారెయ్యాలె, నన్నా అంది.

30 ఆగస్టు

జొన్నరొట్టె తిన్నా కడుపు ఉబ్బింది. రాత్రంతా బాత్రూమ్‌లోనే. పొద్దున ఓదెలు పిండి గిర్నీకి వెళ్లాను. ఈ ఓదెలు ఇంటర్లో నా స్టూడెంటు. మా జొన్నలు దేని తర్వాత పట్టావు అని అడిగితే, గోధుమల తర్వాత అన్నాడు. రాళ్లు అవే, డబ్బా అదే. మీ ఒక్కరి కోసం గిర్ని కడుగుమంటరా సారూ, గోధుమ పడని కడుపు జిల్లా మొత్తంల మీదొక్కటేనాయె అన్నాడు. పిండి కోసం వచ్చిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

హిస్టరీలో వీణ్ని రెండుసార్లు ఫెయిల్ చేశాను. ఇంకోసారి చేయాల్సింది.

రుక్మిణి ఇప్పుడు జొన్నలు మిక్సీలో పడుతోంది. జల్లెడ పడుతూ తిడుతోంది. తిట్లు ఓదెలుకా నాకా తెలియదు.

7 సెప్టెంబర్

నలభై కిలోలు. గొట్టానికి గడప దగ్గర ఉన్నాను.

8 సెప్టెంబర్

షారోన్ ఇవాళ మర్యాద పక్కన పెట్టింది. సార్, ఇందులో గోధుమ ఉందా అని అడిగితే ఉంది అంటరు, లేదంటె లేదంటరు. మీరు అడుగుతలేరు. ఉందేమో అని మీరే అనుకుని లేస్తున్నరు. ఎందుకంటె లేదు అంటె తినవలసొస్తది. అంతే కదా?

లేవబోతే కూర్చోబెట్టింది. పని అప్పగించింది. పదిమంది మధ్య కూర్చోవాలి. అడగాలి. లేదంటే తినాలి. రుమాలు ఇంట్లో పెట్టి పోవాలి. వస్తూ వస్తూ ఆ పిల్లను లోపల లోపలే తిట్టుకున్నాను.

19 అక్టోబర్

మొగుళ్లపల్లి నుంచి ముత్తయ్య ఫోన్. ఏళ్ల తర్వాత. రుక్మిణి చెప్పిందట నా జబ్బు సంగతి. గోధుమ పడకపోతె ఏందిరా, మనం జొన్నలు తిన్నోళ్లమేనాయె అన్నాడు. చేన్ల జొన్నలు మంచిగైనయి, కోడలితోని రొట్టెలు చేపిచ్చి పంపుతరా, పంపాల్నా? అన్నాడు.

యాభై తొమ్మిదేళ్ల తర్వాత అడుగుతున్నాడు.

వద్దు అని పెట్టేశాను.

2 నవంబర్

ముత్తయ్య పోయాడు. గుండెపోటు. ఇక నా కోపం ఎవరి ఇంటికి తీసుకెళ్లాలి?

13 నవంబర్, ఉదయం, జనగామ

నిన్న మొగుళ్లపల్లిలో ముత్తయ్య పదకొండో రోజు కర్మ, పదకొండొద్దులు.  

బాయి దగ్గర, చెలక గట్టు మీద విస్తరాకు పరిచారు. అన్నం, మటన్, పూరీలు, గారెలు, ఒక క్వార్టర్ సీసా, బీడీ కట్ట. చచ్చిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ. మేమంతా దూరంగా నిలబడ్డాం. పిట్ట ముట్టాలి. ముట్టేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు.

కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. చూస్తున్నాయి. దిగడం లేదు.

ముత్తయ్య కొడుకు సుభాష్ చేతులు జోడించి, రా బాపూ, ఏమన్న తప్పయితె మాఫ్ జెయ్యి బాపూ, జరంత తిను అన్నాడు. కోడలు కల్యాణి, మామా, అత్తను కండ్లల్ల పెట్టుకుని చూస్కుంట, ముట్టు మామా అంది. పాలివాళ్లలో ఒక ముసలాయన, మటన్ల ఉప్పు తక్కువైనట్టున్నది, ఆయినెకు వాసనతోనే తెలుస్తది అన్నాడు. కొందరు నవ్వుతూ ఏడ్చారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అందరూ తీగ వైపే చూస్తున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక కాకి తినకపోతే దానికి ఏం కష్టమొచ్చిందో అని ఊరంతా ఆలోచిస్తోంది. బతిమాలుతోంది. తప్పులు ఒప్పుకుంటోంది. పదకొండేళ్ల పిల్లవాడు తినకపోతే ఒక్కడు అడగలేదు. పొగరు అన్నారు. అదే చేతులు, అదే నోళ్లు.

అంతలో ఎవరో అన్నారు, తమ్ముని మీద పానం ఉన్నట్టున్నది, ఆయినెతోని ఒక మాట అనిపియ్యుండ్రి అని. తలలన్నీ నా వైపు తిరిగాయి. చిన్నబాపూ, నీ మీద నాకేం లేదు అన్నా అని ఒక్క మాటను, చాలు అన్నాడు సుభాష్.

అనను అన్నాను.

వదినె లేచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నడుం వంగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. అయ్యా, మీ అన్న తప్పు లేదు. రొట్టెలు నేనే చేసిన, ఆయినె అంగి తొడుక్కున్నడు, సైకిల్ గుడ తీసిండు. నిన్ను కన్న మీ అవ్వనే అడ్డం నిలబడ్డది. రొట్టె కండ్ల జూస్తె పోరడు వెంటబడి ఇంటికొస్తడు, సదువు ఆగమైతది, నువ్వు పోతె నా శవాన్ని దాటి పో అన్నది. ఆ మాట నీతోని చెప్పొద్దని ఆమెనే ఒట్టేపిచ్చుకున్నది. నన్ను తిట్టుకుంటె తిట్టుకోనీ, అవ్వ మీద మనసు ఇరగొద్దు వానికి అని మీ అన్న అనేటోడు అంది.

అందరూ ఇంకా నా నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట కోసం. ఇన్నేళ్లూ తినకుండా ఎవరినీ శిక్షించలేకపోయాను, నేనే ఎండిపోయాను. నిన్న మాత్రం ఒక మాట మింగేసి ఊరందరినీ ఆకలితో నిలబెట్టాను. ఆ పాత గర్వం మెల్లగా లేచింది. దాని రుచి నాకు బాగా తెలుసు. ఇంకొంచెం సేపు నిలబడితే చాలు, మళ్లీ దాని చేతిలో పడిపోతాను. ఆ తర్వాత గొట్టం.

వదినె చెయ్యి విడిపించుకున్నాను. వంట చేస్తున్న చోటికి నడిచాను. గిన్నె మూత తీసి కల్యాణిని అడిగాను. గట్టిగా, అందరికీ వినిపించేలా. ఈ మటన్లో గోధుమపిండి, మైదా ఏమన్నా కలిపారా? ఆ పిల్ల బిత్తరపోయింది. లేదు మామా, కొబ్బరి, గసాలు అంది. ఇంగువ? లేదు మామా. పూరీలు తీసిన గంటె ఇందులో పెట్టారా? లేదు మామా, అది వేరే పొయ్యి.

లేదు, లేదు, లేదు. ఇక లేవడానికి సాకు లేదు.

విస్తరి తీసుకుని కింద కూర్చున్నాను. అన్నం పెట్టుకున్నాను. కూర పోసుకున్నాను. ఎవరో ఆడమనిషి, అయ్యో, పిట్ట ముట్టకముందే! అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుభాష్ పరుగున వచ్చి, చిన్నబాపూ, నీకు సిగ్గున్నదా అని అరిచాడు.

ఆకలున్నది అన్నాను.

ఆ మాట నా నోట విన్నవాళ్లు ఈ భూమ్మీద లేరు. నాకే కొత్తగా వినిపించింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను, మింగాను. గొంతులో ఇరుక్కుంది. నీళ్లు తాగి ఇంకో ముద్ద పెట్టుకున్నాను. కోపంతో తిన్నాను. కళ్లలో నీళ్లు కారానికి.

రుక్మిణి వచ్చింది. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చుని తన విస్తరి పరిచింది. బొక్కలన్ని నువ్వే ఏసుకున్నవా, ఇటు పెట్టు రెండు అంది.

కాకులు దిగాయో లేదో చూడలేదు. చివరికి విస్తరిలో అన్నం మటుకు ఆవుకు పెట్టారట.

15 నవంబర్

సుభాష్ ఫోన్. ఇక మా గడప తొక్కొద్దు అన్నాడు. సరే అన్నాను. కడుపులో నొప్పి లేదు.

20 నవంబర్

నలభై రెండు. షారోన్ మిషన్ రెండుసార్లు చూసింది. ఎట్ల చేసిండ్రు సార్ అంది. కోపంతో తింటున్నాను అన్నాను. కోపంల గ్లూటెన్ ఉండదు సార్, తినుండ్రి అంది. నవ్వకూడదనుకున్నాను.

23 నవంబర్

వదినె చెప్పింది నిజమే అయి ఉంటుంది. అవ్వ అలాగే అంటుంది. అవ్వను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. కాబట్టి నిజం ఎలా ఉన్నా సరే, తప్పు ముత్తయ్యది.