నలభై ఆరు చాలు

నల్గొండ,
జనవరి 19, 2020

బాపుకు, నీ మెర్సీ రాస్తున్నది.

ఈ పొద్దున హాస్టల్ కిటికీ గట్టు మీద ఒక నూనె చుక్క కనబడింది. చీమల వరుస దాని దాకా వచ్చి, రెండుగా చీలి, అవతల మళ్ళీ కలిసి పోతోంది. ఒక్క చీమ కూడా అందులో కాలు పెట్టలేదు. ఆ చుక్క అవ్వ కాచిన ఆముదం. మన మధ్య మాటలు ఆగిపోయింది దాని వల్లే కాబట్టి అక్కడే మొదలుపెడుతున్నాను.

ఫోన్‌లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. కాగితం మీద నన్ను మధ్యలో ఆపేవాళ్ళు ఉండరు.

మంగళవారం మా కాలేజీలో విమానాల క్లబ్ చూసుకునే దశరథ్ సార్ నీకు ఫోన్ చేసినప్పుడు నేను ఆయన గది గుమ్మంలో ఉన్నాను. స్పీకర్ పెట్టారు. వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో రిమోట్ విమానాల పోటీ ఉంది, మెర్సీ చేసిన విమానాన్ని నరేష్ ఎగరేస్తాడు, మీకు సరేనా అని అడిగారు. "నాకేం తెల్వది సార్. అది భయస్తురాలు. మీరెట్లంటె గట్లనే," అన్నావు. దేవరకొండలో పంపుల మెకానిక్ ఇస్రాయేలు మాట మీద నిలబడే మనిషని అందరూ అంటారు. నా సంగతిలో మాత్రం నువ్వు ఒక్క నిమిషం నిలబడలేదు.

అసలు జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. విమానం నాది. ఈ కొస నుంచి ఆ కొసకు ఐదడుగుల రెక్క. బల్సా అని చాలా తేలికైన చెక్క ఉంటుంది. దాన్ని ఆరు నెలలు కోసి, గీకి, అంటించాను. ఇది ఊరికే చుట్లు తిరిగే విమానం కాదు. పల్టీలు కొట్టాలి, వెల్లకిలా పోవాలి, నిట్టనిలువుగా లేచి, పైన ఆగి, పక్కకు తిరిగి దిగాలి. ఇంజన్ దగ్గర పేచీ వచ్చింది. నరేష్ మా సీనియర్. క్లబ్‌లో అందరికన్నా బాగా ఎగరేస్తాడు. అరవై ఒకటో నంబర్ ఇంజన్ పెట్టమన్నాడు. నంబర్ పెరిగితే బలమూ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. నేను నలభై ఆరు అన్నాను.

"బలం లేకుండ పల్టీలెట్ల కొడతది? బుల్లెట్ బండికి లూనా ఇంజన్ పెడ్తవా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను లెక్క వేసిన కాగితం బల్ల మీద పెట్టాను. అరవై ఒకటి పెడితే ముక్కు దగ్గర నూట అరవై గ్రాములు ఎక్కువవుతాయి. దానికి సరితూగాలంటే తోకలో సీసం పెట్టాలి. అప్పుడు మొత్తం బరువెక్కుతుంది. బరువెక్కిన విమానం మలుపులో వేగం తగ్గితే జారి పడుతుంది. నలభై ఆరు చాలు. ఆదా చేసిన బరువును మంచి సర్వోలకు పెట్టాలి. రెక్క మీది పలకలను లాగే చిన్న మోటార్లే సర్వోలు. ఇక్కడ మనం వేలు కదిలిస్తే అక్కడ పలక అంతే కదలాలి, ఆలస్యం కాకుండా. పల్టీ కొట్టించేది అదే. చిన్నప్పుడు నువ్వే అనేవాడివి, "బాయికి మించిన మోటరు పెడ్తె నీళ్ళు రావు బిడ్డా, బురద వస్తది" అని.

సార్ నలభై ఆరుకే ఒప్పుకున్నారు. ఆ తర్వాత చేసిన తప్పు పూర్తిగా నాదే. ఈ ఇంజన్ పెట్రోలు తాగదు. మిథనాల్ అనే స్పిరిట్‌లో ఐదో వంతు ఆముదం కలిపి పోయాలని పుస్తకంలో ఉంది. ఆముదం అని చదవగానే మన చేను, అవ్వ పొయ్యి కళ్ళ ముందుకొచ్చాయి. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చుకున్నాను. అవ్వ గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి నూనె తీస్తుంది. అందులో తడీ జిగురూ మిగిలిపోతాయని, ఇంజన్‌కు పచ్చి గింజను గానుగాడి వడకట్టిన నూనె కావాలని నాకు తట్టలేదు. మూడో రోజుకు పిస్టన్ బిగుసుకుపోయింది.

"అవ్వ కాసిన ఆముదం పోసి ఇమానం నడుపుతదట! రేపు కొబ్బరినూనె పోసి దానికి జడ గూడ ఏస్తది," అన్నాడు నరేష్. సార్ కూడా నవ్వారు. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశారు.

నూనె విషయంలో తప్పు నాది. ఇంజన్ ఎంచుకోవడంలో నేను తప్పు చేయలేదు. మహబూబ్‌నగర్‌లో రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. నిన్ను అడగడం లేదు బాపూ, చెబుతున్నాను.

మెర్సీ

*

నల్గొండ,
ఫిబ్రవరి 2

బాపూ,

నా ఉత్తరానికి జవాబు రాయకుండా అమ్మ చేత ఫోన్ చేయించావు. "పోరి మొండికేసింది, జర నువ్వన్న చెప్పు," అని నువ్వు వెనక నుంచి అనడం వినబడింది. అవును, మొండికేశాను.

ఇంజన్ విప్పి రెండు రోజులు మిథనాల్‌లో నానబెట్టాను. పిస్టన్ కదిలింది. ఎక్కడా గీత పడలేదు. గానుగ నూనె తెచ్చి, వడకట్టి, కొలిచి కలిపాను. రెండో తిప్పుకే అందుకుంది.

ఎగరేయడం నాకు రాదనుకుంటున్నావేమో. క్లబ్‌లో నేర్చుకునేవాళ్ళ కోసం ఒక పాత విమానం ఉంది. ఏడాదిగా దాన్ని ఎగరేస్తున్నాను, ఎవరూ చూడని పూట. ఊరి బయట ప్లాట్ల వెంచర్ ఒకటి ఉంది. హద్దురాళ్ళు పాతి, నలభై అడుగుల రోడ్లు వేసి వదిలేశారు. ఒక్క ఇల్లూ లేవలేదు. ఆ రోడ్డే మా రన్‌వే. పొద్దున ఆరింటికి అక్కడ నేనూ, కాపలా ఉండే పర్వతాలు తాతా తప్ప ఎవరూ ఉండరు. నా విమానం మొదటిసారి వెల్లకిలా తిరిగినప్పుడు ఆయన చేతికర్ర వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"తల్లీ, నీ ఇమానం ఎల్లెలకల పడ్డది!"

"పడలే తాతా. నేనే తిప్పిన."

"తిప్పితె తిప్పినవు, మల్ల సక్కగ చెయ్యాలె గద! గట్లనే పోతాంది సూడు!"

గురువారం సార్ గదికి వెళ్ళాను. నరేష్ కూడా అక్కడే ఉన్నాడు. "నేను ఎగరేయకపోతే విమానం రాదు సార్," అన్నాను.

"ఏమన్నవమ్మా? వినవడలే," అన్నారు సార్. నిజంగానే వినబడలేదు. గొంతు పెంచి మళ్ళీ అన్నాను. రెండోసారి అనడమే కష్టమైంది.

"గంత ధైర్యం ఎప్పుడొచ్చె నీకు? గాలి కొడితె ఎగిరిపోయేటట్టుంటవు," అన్నాడు నరేష్.

"గాలి ఎటుకెల్లి వస్తాందో చూసుకునే నిలబడ్డ."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. "ఇద్దరు ఎగరేయుండ్రి, చూసి చెప్త," అన్నారు సార్.

సాయంత్రం అందరి ముందూ నా విమానాన్నే ఇద్దరం ఎగరేశాం. నరేష్ మొదటి నుంచి చివరి దాకా ఇంజన్‌ను పూర్తి బలంతో అరిపించాడు. పల్టీలు కోడిగుడ్డులా సాగాయి. నేను పైకి పోయేటప్పుడు పెంచి, దిగేటప్పుడు తగ్గించాను. నావి గుండ్రంగా వచ్చాయి. సార్ పోటీ ఫారం నా ముందుకు తోశారు. ఎగరేసేవారు అన్న గడిలో నా పేరు నేనే రాసుకున్నాను. నీకు కోపం వస్తే రానీ.

మెర్సీ

*

నల్గొండ,
ఫిబ్రవరి 17

బాపూ,

పద్నాలుగు మందిలో ఐదో స్థానం వచ్చింది. ఎనిమిది విన్యాసాల్లో ఏడు బాగా కుదిరాయి. నిలువుగా లేచి పక్కకు తిరిగేటప్పుడు గాలి తోసింది, అది పాడైంది. ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. వరుస తప్పకుండా నా వెనక నిలబడి తర్వాతి విన్యాసం పేరు చదివి వినిపించింది నరేషే. దిగాక, "అరవై ఒకటి పెడ్తె గాలిని కోసుకుంట పోయేది," అన్నాడు. ఒప్పుకునే రకం కాదు. నేనూ కాదు.

ఇక రాత్రి అమ్మ ఫోన్‌లో చెప్పిన మాట. నీ ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవన్నది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిందని చెప్పేవాడివి. "కొడవలి గాదు బిడ్డా. కట్టంగూర్ల పంపు ఇంజన్ బెల్టుల పడ్డయి. నీ ఇమానానికి ముంగట పంక గిర్రున తిరుగుతదని ఇన్నకాడికెల్లి మీ బాపు అన్నం సక్కగ తింటలేడు," అంది.

నువ్వు నన్ను తక్కువగా చూశావని నెల రోజులు మండిపోయాను. ఆ కోపంతోనే సార్ గదిలోకి వెళ్ళాను, ఆ కోపంతోనే ఫారం నింపాను. అది పొరపాటు కోపమని ఇప్పుడు తెలిసింది. అయినా చేసిన పనికి బాధపడటం లేదు.

కానీ ఒకటి చెప్పాలి. నీ భయం నీది బాపూ. దాన్ని నా పేరు మీద చెప్పకు. "నాకు భయమైతాంది సార్" అని ఉంటే, నేను గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఆ ఫోన్ తీసుకుని నీతో మాట్లాడేదాన్ని. ఇంజన్ల పని మానమని ఎవరైనా అంటే నువ్వు మానేవాడివా? వేళ్ళు పోయాక కూడా ఇరవై ఏళ్ళకు పైగా అదే పని చేస్తున్నావు. నన్ను మాత్రం మానుకోమంటే ఎలా?

వచ్చే పోటీ డిసెంబర్‌లో. అప్పుడు కూడా నలభై ఆరే. నువ్వు రా. దూరంగా నిలబడి చూడు.

నేను కూడా నీకు ఒకటి చెప్పలేదు. మొదటి ఉత్తరం రాయడానికి వారం ముందు ఆ పంక నా ఎడమ చూపుడు వేలిని కోసింది. దవాఖానలో నాలుగు కుట్లు వేశారు.

మెర్సీ