వెనక్కి నడవడం నేర్చుకున్నాను

రేణిగుంట,
జూన్ 16.

ప్రియమైన అమలక్కకు,

తమ్ముడు ప్రేమానందం వందనాలు. దేవుని దయవల్ల పూతలపట్టులో అమ్మా నాయనా, ఇక్కడ నేనూ బాగున్నాం. కాన్వెంటులో నువ్వూ, నీతోపాటు సిస్టర్లు కాబోతున్న మిగతావాళ్లూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. శిక్షణ జరిగే ఈ ఏడాదంతా నీకు ఫోను ఉండదంటే మొదట్లో దిగులేసింది. ఇప్పుడు నీ ఉత్తరం వస్తే రెండుసార్లు చదువుకుంటున్నాను, అది ఫోనులో దొరికేది కాదు.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి చాలావరకు తగ్గింది. మామిడి కోతలకు పోవద్దని నాయన గట్టిగా చెప్పాడు, అయినా పోయింది. నాయన పంక్చరు అంగడికి ఈ నెల తీరిక లేదు. కాయల లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. నేను గోడౌన్‌లో పొద్దున షిఫ్టుకు మారాను. మధ్యాహ్నం మూడింటికల్లా బయటపడి ప్రాక్టీసుకు పోతున్నాను.

మళ్లీ రింగులోకి దిగావా, మానేశావా అని అడిగావు కదా. దిగాను అక్కా. పోయిన ఆదివారం చిత్తూరులో జిల్లా ఎంపిక పోటీలు జరిగాయి. ఫైనల్లో పలమనేరు గిరిప్రసాద్‌ను ఓడించాను. ఫిబ్రవరిలో తిరుపతిలో నన్ను ఓడించిన మనిషే.

నా ఆట నీకు తెలుసు. గంట కొట్టగానే తల వంచుకుని ముందుకు పోవడం, దగ్గరికి చేరి రెండు చేతులతో బాదడం. ఆరేళ్లు అదే ఆట. మూటలెత్తే చేతులు కాబట్టి దెబ్బ తగిలితే ఎదుటివాడు నిలబడేవాడు కాదు. గిరిప్రసాద్‌ది ఎడమచేతివాటం. నేను మీదికి పోయిన ప్రతిసారీ పక్కకు జరిగి, ఆ ఎడమచేత్తో ముఖం మీద గుద్దాడు. రెండో రౌండులోనే ఆట ముగిసింది.

వారం తర్వాత దామోదరం సార్ దగ్గరికి పోయాను. ఆయన సైన్యంలో బాక్సింగ్ చేసి వచ్చినవాడు, ఇక్కడ రేకుల షెడ్డులో మాకు నేర్పుతాడు. ఇంకా గట్టిగా గుద్దడం నేర్పించండి సార్ అన్నాను.

"గుద్దేది నీకు వచ్చురా. వెనక్కి పొయ్యేది రాదు. ఆరేండ్లలో ఒక్క అడుగన్నా వెనక్కి ఏసినావా?" అన్నాడు.

నేల మీద సుద్దతో పెద్ద గుండ్రం గీశాడు. తను చెప్పేదాకా నేను గుద్దకూడదు. చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆ గీత దాటకుండా వెనక్కీ పక్కకూ జరగాలి, అంతే. నన్ను కొట్టే పని మాతోపాటు నేర్చుకునే భానుప్రియకు అప్పగించాడు. ఆ అమ్మాయి యాభై నాలుగు కిలోలు, నేను డెబ్బై ఒకటి. మొదటి రోజు ఎన్ని తిన్నానో లెక్క లేదు. షెడ్డులో అందరూ నవ్వుతుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అన్నా, నువ్వు నా చేతుల్ని సూస్తా ఉండావు. చెయ్యి కనబడినాక కదిల్తే ఆలస్యమైపోతాది. భుజం సూడు. భుజం కదలంది చెయ్యి రాదు" అంది భానుప్రియ.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. నీలాంటోళ్ల దెబ్బ ఒకటి తగిల్తే నేను లెయ్యలేను. అందుకే తగలకుండా ఉండేది నేర్చుకుంటి."

ఆ రోజు నుంచి సిగ్గు పక్కన పెట్టి ఆమె భుజాన్నీ, ఆమె అడుగుల్నీ చూస్తూ వచ్చాను. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఆమె గుద్దు నా ముక్కుకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. నేను అర అడుగు వెనక్కి పోయాను, అంతే. ఆమె ముఖం నా ఎదురుగా, ఏ అడ్డమూ లేకుండా ఉంది. "ఇప్పుడు కొట్టరా!" అని సార్ అరిచాడు. నేను కొట్టలేదు, నవ్వొచ్చింది. ఆమె మాత్రం ఊరుకోక ఇంకొకటి ఇచ్చింది.

చిత్తూరులో గిరిప్రసాద్ నన్ను పాతవాడిగానే అనుకున్నాడు. నేను మీదికి వస్తానని కాచుకుని నిలబడ్డాడు. నేను రాలేదు. చివరికి అతనే వచ్చాడు. అతని కుడికాలికి బయటిపక్క నా ఎడమకాలు పెట్టి, ఆ ఎడమచేయి గాలిలో పోయాక నా కుడిచేత్తో కొట్టాను. మూడు రౌండ్లూ అదే పని. ఐదుగురు జడ్జీల్లో నలుగురు నాకే ఇచ్చారు.

ఇక నీకు చెప్పాల్సిన మాట. నా కన్ను కోసం రోజూ ప్రార్థన చేస్తున్నానని రాశావు. అది చదివి తలెత్తుకోలేకపోయాను. నా కంటికి ఏమీ కాలేదు అక్కా. కన్ను వాచిందని రిఫరీ ఆట ఆపాడని ఇంట్లో నేను చెప్పింది అబద్ధం. గిరిప్రసాద్ మళ్లీ భుజం ఎత్తగానే నాకు భయమేసింది. అతనికి వీపు చూపించి తాళ్ల వైపు నడిచాను. బాక్సరుకు అంతకు మించిన తలవంపు లేదు. వెనక్కి అడుగేయడం రానివాడికి భయం పుడితే తిరిగిపోవడమే తెలుసు. సార్ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు కానీ, గుండ్రం గీసింది అందుకే. మొన్న మూడో రౌండులో అదే భయం మళ్లీ వచ్చింది. ఈసారి కాళ్లకు వేరే పని తెలుసు.

గెలిచిన సాయంత్రమే పూతలపట్టు పోయి నాయనకు చెప్పేశాను. ట్యూబు రుద్దుతున్నవాడు ఆపేశాడు.

"కన్ను వాసిందని ఈ దావన పొయ్యే లారీవోళ్లకంతా చెప్పినాను గదరా! నాలుగు నెల్లు నాచేత అబద్దం పలికించినావే!"

మర్నాడు పొద్దున నేను బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక డ్రైవరు చక్రంలో గాలి చూడమని వచ్చాడు. నాయన అతన్ని కూర్చోబెట్టాడు.

"ఆ పొద్దు నీకు తప్పు చెప్పినానప్పా. కన్నూ లేదు, ఏమీ లేదు. మావోడు భయపడి తిరుక్కున్నాడు. నిన్న మళ్లా ఆ మనిషితోనే నిలబడి గెలిచినాడు."

పాపం, అతను ఏమీ అడగనే లేదు. బస్సు వచ్చేలోపల నాయన ఇంకో ఇద్దరికి చెప్పాడు. చివరిసారి చెప్పేటప్పుడు గొంతు బాగా పెద్దదయింది.

వచ్చే నెల విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలు. ఇంతవరకు నా ఆట చూడటానికి అమ్మానాయనల్ని రానివ్వలేదు, మొన్న చిత్తూరుకు కూడా. ఈసారి ముగ్గురికీ రైలు టికెట్లు నేనే తీశాను. గెలుస్తాననే అనుకుంటున్నాను. ఓడితే, ఎలా ఓడానో వాళ్లే నీకు రాస్తారు.

ఇట్లు,
నీ ముద్దుల తమ్ముడు
ప్రేమానందం