ఏప్రన్ జేబులో రిమోట్

మార్చి 4
కారు మళ్ళీ గోల పెట్టింది. షాపు ముందు ఆపి ఉందంతే, పిట్ట కూడా వాలలేదు. అయినా హారన్, లైట్లు, నానా యాగీ! నేను లోపల గౌను కట్ చేస్తున్నాను. ఉలిక్కిపడ్డాను, కత్తెర పక్కకి పోయింది. కస్టమర్ గుడ్డ, నా ఖర్మ. పై అంతస్తు నుంచి ఓనరు గారు దిగొచ్చి, కారు ఉంచుతావో షాపు ఉంచుకుంటావో తేల్చుకోమన్నారు.

మార్చి 5
మా ఆయన కారు రిమోట్‌లో బ్యాటరీ మార్చారు. ఇక మోగితే మీసం తీసేస్తారట.

మార్చి 5, సాయంత్రం
మోగింది. మీసం అలాగే ఉంది.

మార్చి 7
మెకానిక్ రిమోట్ విప్పి తుడిచి, కొత్త రబ్బరు వేశాడు. దాని మీద హారన్ మోగించే పానిక్ బటన్ ఎవరైనా నొక్కితేనే కారు ఇలా మోగుతుందన్నాడు. ఎవరు నొక్కుతారయ్యా? రిమోట్ ఎప్పుడూ నా ఏప్రన్ ముందు జేబులోనే, టేపు పక్కన.
అత్తయ్య కారు అమ్మేయమన్నారు. ఒళ్ళు మండింది. పిల్లల మీద ఆశ వదులుకోమని డాక్టరమ్మ చెప్పిన ఏడాదే దాన్ని కొన్నాం. అదే మా గారాలపట్టి. ఇప్పుడు నెలసరి కూడా ఆగిపోయింది. వయసు మీద పడింది, అంతే. ఎవరికీ చెప్పలేదు. కుట్టుకుంటూ ఏడ్చాను.

మార్చి 9
ఈసారి మోగినప్పుడు అత్తయ్య షాపులోనే ఉన్నారు. నేను కటింగ్ టేబుల్ మీదకి వంగి ఉన్నాను. లేచి మళ్ళీ వంగమన్నారు. వంగితే ఆగింది. ఇంకోసారి వంగితే మోగింది! టేబుల్ అంచుకీ నాకూ మధ్య బటన్ నలుగుతోంది.
ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు? అదే టేబుల్, అదే జేబు. అత్తయ్య నన్ను వెనక్కి తిప్పారు. వేలాడుతూ ఉండే ఏప్రన్ నాడాలు ఇప్పుడు ముడికి బొటాబొటీగా అందుతున్నాయి. ఊరందరి నడుములూ కొలుస్తావు, నీది చూసుకోవా అంటూ టేపు లాక్కున్నారు. కొలిచి, నమ్మలేక మళ్ళీ కొలిచారు. మెల్లగా నెలసరి సంగతి అడిగారు. చెప్పాను.
ఓరి నాయనో! తిట్టారు, ముద్దు పెట్టుకున్నారు, మళ్ళీ తిట్టారు. బయట కారు మోగుతూనే ఉంది. ఓనరు గారు మండిపడుతూ వస్తే, అత్తయ్య ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నారు. పాపం ఆయన హడలిపోయి, మోగితే మోగనివ్వండమ్మా, మీరు ఏడవకండి అన్నారు.

మార్చి 11
స్కాన్ గది. మెషిన్‌లో ఏదో దడదడా మోగింది. ఈయన గబుక్కున రిమోట్ కోసం జేబు తడుముకున్నారు. డాక్టరమ్మ నవ్వి, అది బిడ్డ గుండె అంది.
ఇంకాసేపు మోగనివ్వమన్నాను.