ఉత్తరపు గోడ మీద మూడు కాగితాలు

2007 సెప్టెంబరు 3

మళ్ళీ పాత కచేరీ మేడ. పామర్రు దాటాక, కాలువ గట్టు మీద. ఏప్రిల్లో ఒకసారి స్కాన్ చేశాం, ఇది రెండోసారి. లేజరు మిషను గుండ్రంగా తిరుగుతూ గోడల్ని లక్షల చుక్కలుగా ఎక్కించుకుంటుంది. అప్పుడు అంటించిన నలుపు తెలుపు కాగితాలు ఇంకా గోడల మీదే ఉన్నాయి. ఆ గుర్తుల మీదే రెండు స్కాన్లనూ కలపాలి. ఇరవై ఏళ్ళు టేపు పట్టుకుని కొలిచినవాణ్ణి... ఈ మిషను పక్కన నిలబడితే గర్వంగానే ఉంది, ఏం!

కింది హాల్లో మాణిక్యమ్మగారి కుట్టు సెంటరు. ఉత్తరపు గోడ వారగా పదిహేను మెషిన్లు. "పొద్దున వచ్చేసరికి బట్టల మీద ఇసక రాలి ఉంటోంది సార్. ఎలకలంటారా?"

ఎలకలే అన్నాను.

సెప్టెంబరు 5

గవర్నర్‌పేట, ఆఫీసు. రెండు స్కాన్లు కలిపాను. ఉత్తరపు గోడ మీది మూడు కాగితాలు కలవడం లేదు. మూడూ బయటివైపుకి — కాలువ వైపుకి — బొటనవేలి మందాన జరిగి ఉన్నాయి. వరండా స్తంభాలవి లెక్కలోకి తీసుకోలేదు; మిగతావాటిలో వెంట్రుకవాసి తేడా లేదు. నా తప్పే అయ్యుంటుంది. మొదటినుంచి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

సెప్టెంబరు 6

మాణిక్యమ్మగారికి ఫోను. కాగితాలు ఎవరైనా ముట్టుకున్నారా అని.

"వరలక్ష్మీ వ్రతానికి సున్నం వేయించామండీ. మీ కాగితాలు జాగ్రత్తగా తీసి, అన్నం మెతుకులతో మళ్ళీ ఎక్కడివక్కడే అంటించాం. తప్పయిందా?"

హమ్మయ్య. అదీ సంగతి!

మా ఆఫీసరు మూర్తిగారు సీట్లోంచి లేవకుండానే, "అయితే ఆ మూడూ లెక్కలోంచి తీసి పారెయ్యవయ్యా. ఇంజనీరు నువ్వా, ఆవిడా? రిపోర్టు ఇవాళ వెళ్ళిపోవాలి."

తీసేశాను. స్కాన్లు చక్కగా కూర్చున్నాయి. 'కట్టడంలో కదలిక లేదు, వాడుకోవచ్చు.' కింద సంతకం నాదే.

సెప్టెంబరు 9

వాన. కాలువ నిండుగా పారుతోందట.

సెప్టెంబరు 12

మాణిక్యమ్మగారే ఫోను చేశారు. గొంతులో పండగ. "మీ రిపోర్టు చూసి పై హాలు మాకిచ్చారండీ! పద్దెనిమిదో తారీకున మా ఆడపిల్లలకి సర్టిఫికెట్లు. ఇళ్ళవాళ్ళందరూ వస్తున్నారు. మీరు రాకపోతే ఊరుకోను."

సరేనన్నాను. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది — పై హాలు దూలాలు ఆనుకున్నది ఆ ఉత్తరపు గోడ మీదే. గుర్తొస్తే ఏం? సంతకం అయిపోయిందిగా.

సెప్టెంబరు 14

ఇసక. ఎలకలు గోడలోంచి ఇసక ఎందుకు రాలుస్తాయి...

సెప్టెంబరు 17

పొద్దున సుశీల వంటింటి క్యాలెండరు తీసి పక్క మేకుకు తగిలించింది. కాఫీ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. "ఏంటండీ అలా చూస్తారు, క్యాలెండరు ఎప్పుడూ చూడనట్టు?"

కాగితం పీకి మళ్ళీ అంటిస్తే పక్కకు జరుగుతుంది. పైకో, కిందకో. అంతేగానీ గోడతో సహా కాలువ వైపుకి ఎలా జరుగుతుంది?

ఛీ. ఇరవై ఏళ్ళ సర్వీసు! గోడనే పోల్చి చూడాల్సింది. చూడలేదు. నాకు కావలసిన మాట ఆవిడ నోటినుంచి రాగానే పట్టుకుని ఊరుకున్నాను.

ఆఫీసు నుంచి ఫోను చేశాను. ఉత్తరపు గోడకు సున్నం వేశారా?

"ఆ గోడకా? లేదండీ, మెషిన్లు జరపలేక వదిలేశాం. వరండా స్తంభాలకే వేశాం. ఆ గోడ కాగితాలు ముట్టుకోనే లేదు. ఎందుకండీ?"

ఊరికే అన్నాను. రేపటి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. పిరికివాణ్ణి.

మూర్తిగారు తలుపు వేసి మరీ తిట్టారు. "సంతకం పెట్టి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. ఇప్పుడు కాదంటే మన మొహాన ఉమ్మేస్తారు. ఫంక్షను కానివ్వు, తర్వాత చూద్దాం." తల ఊపి వచ్చేశాను.

సెప్టెంబరు 18

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గంతులేస్తున్నాయి. ఆఫీసుకు చెప్పలేదు.

ఎక్కగానే మాణిక్యమ్మగారికి ఫోనులో చెప్పేశాను, అంతా. గోడ కదులుతోందమ్మా, నేను తప్పు రాశాను, ఎవర్నీ పైకి ఎక్కనివ్వకండి. "అలాగేనండీ. అందరినీ రోడ్డవతలికి పంపిస్తాను."

పది నిమిషాల తర్వాత మళ్ళీ చేశాను. అవతల జనం గోల. "అందరూ బయటే ఉన్నారండీ." ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, "మెషిన్లు లోపలే ఉన్నాయి కదండీ. అవి పోతే మేం ఏం తిని బతకాలి? నలుగురం పట్టి బయట పడేసుకుంటాం, పది నిమిషాల పని —"

వద్దు, లోపలికి వెళ్ళొద్దని అరిచాను. బస్సులో వాళ్ళందరూ తిరిగి చూశారు. అప్పటికే ఫోను పెట్టేశారు.

మెషిన్లున్నది ఉత్తరపు గోడ వారనే.

చేస్తున్నాను. రింగవుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను. ఇంకా ఉయ్యూరు కూడా రాలేదు.